మావయ్యగారి ఉదయపు మెయిల్

కాకినాడలో ఆపరేషన్ చేసి మా మావయ్యగారి స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. మెడ దగ్గర ఒక చిన్న రంధ్రం మిగిలింది. దాని మీద ఎప్పుడూ పలచటి తెల్లగుడ్డ కట్టుకుని ఉంటారు. ఇంట్లో ఏం కావాలన్నా ఫోన్లో టైపు చేసి మా ముందు పెడతారు.

ఆయన హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అమలాపురంలో ఏ ఆఫీసుకి వెళ్ళినా, ఏ బ్యాంకుకి వెళ్ళినా "మాస్టారూ" అంటూ ఎవరో ఒకరు కుర్చీలోంచి లేస్తారు. చర్చిలో మైకు పాడైతే పాస్టరుగారు కంగారుపడేవారు కాదు, ఈయన వైపు చూసేవారు. ఈయన లేచి చదివితే ఆఖరి బెంచీ దాటి, రోడ్డు మీద పోయేవాళ్ళకి కూడా వినపడేది. ఆ గొంతంటే ఆయనకి చెప్పలేనంత అభిమానం. వాళ్ళ నాన్న కొత్తపేట దగ్గర ఒక ఆసామి కింద పాలేరుగా చేశాడట. ఆసామి ముందు నోరెత్తి ఎరగడట. ఆ కుటుంబంలో మొదటిసారి నలుగురి ముందూ నిలబడి గట్టిగా మాట్లాడింది మా మావయ్యగారే. అలాంటి మనిషి నోరు మూతపడిపోయింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక కొన్నాళ్ళు గోడ వైపు తిరిగి పడుకునే ఉన్నారు. నాకు చూడబుద్ధి కాలేదు. నేను ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్తాను. నాకు తెలిసిన వైద్యం అదొక్కటే కాబట్టి అదే చేశాను. "మావయ్యగారూ, రోజూ పొద్దున్నే ఒక బైబిలు వాక్యం, దానికి మీ వివరణ రాయండి. మీ శిష్యులందరికీ మెయిల్లో పంపుదాం" అన్నాను. అప్పుడు ఇటు తిరిగారు. ఆ సాయంత్రమే లేచి కూర్చుని గడ్డం గీసుకున్నారు.

వాట్సాప్ అయితే సులువు కదా అన్నారు మా ఆయన. మావయ్యగారు ఒప్పుకోలేదు. వాట్సాప్‌లో జోకులూ, పుట్టినరోజు కేకులూ, కొబ్బరికాయల రేట్లూ అన్నీ ఒకే గంపలో ఉంటాయట. వాక్యాన్ని తీసుకెళ్ళి ఆ గంపలో పడెయ్యనన్నారు. మెయిల్ అంటే ఉత్తరం. ఉత్తరమైతే మనిషి కుదురుగా కూర్చుని చదువుతాడని ఆయన నమ్మకం. ఆ నమ్మకం చూసి నేను నవ్వుకున్నాను గానీ పైకి అనలేదు.

ఇక అడ్రసులు పోగుచెయ్యడం మొదలుపెట్టారు. పెళ్ళికి వెళ్ళినా, ఎవరో పోయిన ఇంట్లో ఆదరణ కూడికకి వెళ్ళినా, బస్టాండులో తెలిసిన మొహం కనబడినా, ఫోను తీసి రెండు చేతులతో ఎదుటివాళ్ళకి అందించేవారు. అందులో ముందే టైపు చేసి ఉండేది: "మీ మెయిల్ ఐడీ ఇక్కడ రాయండి. రోజూ దేవుని వాగ్దానం పంపుతాను." మాట లేని మనిషి, పైగా చదువు చెప్పిన మాస్టారు, అలా చేతులు చాపితే కాదనేవాడు కోనసీమలో ఇంకా పుట్టలేదు. "ఆయ్, అంతకంటేనా మాస్టారూ, తప్పకుండా పంపండి" అని రాసేసేవారు. కొందరు మరీ మర్యాదస్తులు భార్యదీ, కూతురిదీ కూడా అడక్కుండానే రాసిచ్చేవారు.

మెయిల్ ఎలా ఉండేదో చెప్పాలి. పైన శీర్షిక ఇలా ఉండేది: "అర్జెంట్!! మీకు ఉచిత బహుమానం!! ఈ రోజే అందుకోండి!!" కృప ఉచితం, రక్షణ బహుమానం, ఆలస్యం చేస్తే మనకే నష్టం. ఆయన లెక్కలో ప్రతి మాటా నిజమే. లోపల సూర్యోదయం బొమ్మ, ఎర్ర అక్షరాల్లో వాక్యం, పేజీలకి పేజీలు వివరణ, ఆఖర్న ప్రార్థన మనవులు. ఎవరికి జ్వరం, ఎవరి అమ్మాయికి పరీక్షలు, ఎవరు చనిపోయి ప్రభువునందు నిద్రించారు, భూస్థాపన ఎన్నింటికి, అన్నీ అందులోనే. ఎక్కడ పడితే అక్కడ ఆశ్చర్యార్థకాలు. "ఇన్నెందుకండీ, కాస్త తగ్గిద్దామా?" అని అడిగాను. ఆయన టైపు చేసి చూపించారు. "ఇదివరకు గొంతు పెంచేవాణ్ణి. ఇప్పుడు పెంచాలంటే నాకున్నది ఇదొక్కటే అమ్మా."

నేను మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

రాయడం మాత్రం బాగా రాసేవారు. వేసవిలో కాలవ కట్టేసినప్పుడు, అడుగున మిగిలిన గుంటలో చేపపిల్లలు ఎలా కొట్టుకుంటాయో, నీళ్ళు వదిలేదాకా అవి దేన్ని నమ్ముకుని బతుకుతాయో ఒకరోజు రాశారు. కాలేజీ బస్సుకి టైమైపోతోందని నిలబడే చదివాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కాలవ కనబడినంతసేపూ వాటినే తలుచుకుంటూ వెళ్ళాను. నన్ను ఆయన మెయిల్ జాబితాలో చేర్చలేదు. ఇంట్లో ఉన్న మనిషికి ఉత్తరమేమిటని, పంపబోయే ముందు ఫోన్లోనే నాకు చూపించేవారు. మా ఆయన పేరు మాత్రం అందరికంటే పైన ఉండేది. మా ఆయన రాజోలులో బ్యాంకు ఉద్యోగి. పొద్దున్నే వెళ్ళి పొద్దుపోయాక వస్తారు. ఫలహారం దగ్గర మావయ్యగారు "చదివావా?" అని టైపు చేసి కొడుకు పళ్ళెం పక్కన ఫోను పెట్టేవారు. "చదివేను నాన్నా" అనేవారు మా ఆయన.

మొదట్లో జవాబులు బాగానే వచ్చాయి. "ఆమెన్ మాస్టారూ" అనీ, "మీ పాఠం మళ్ళీ విన్నట్టుందండి" అనీ. ఒక్కొక్కటీ నాకు చూపించి మురిసిపోయేవారు. గోడ వైపు పడుకోవడం పోయింది. తెల్లవారకముందే లేచి, దీపం వేసుకుని, చూపుడువేలితో ఒక్కొక్క అక్షరం కొడుతూ కూర్చునేవారు. తరవాత జవాబులు తగ్గాయి. వానాకాలం వచ్చేసరికి దాదాపు ఆగిపోయాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే నేను క్లాసులో స్పామ్ వడపోత పాఠం చెప్తున్నాను. అక్కర్లేని మెయిళ్ళని ఏరి వేరే పెట్టెలో పడేసే ఏర్పాటది. పాతరోజుల్లో ఈ వడపోత మాటల్ని చూసేది. అర్జెంటు, ఉచితం, బహుమానం లాంటివి ఒకేచోట గుంపుకడితే అనుమానించేది. ఇప్పటిది అంతకంటే ముదురు. పంపినవాడి అడ్రసుకి ఒక పరపతి కడుతుంది. వాడు పంపినవి ఎంతమంది తెరుస్తున్నారు, ఎంతమంది తెరవకుండానే పారేస్తున్నారు, ఎంతమంది "ఇది స్పామ్" అన్న బటన్ నొక్కుతున్నారు, అన్నీ గుర్తుపెట్టుకుంటుంది. ప్రతి నొక్కుడూ దానికొక పాఠం. నొక్కినవాళ్ళు ఎక్కువైతే, నొక్కనివాళ్ళకి వెళ్ళేది కూడా స్పామ్ పెట్టెలోకే పోవడం మొదలుపెడుతుంది. పంపినవాడికి మాత్రం ఎవరూ కబురు చెప్పరు. వాడి తెర మీద ఎప్పటిలాగే "పంపబడింది" అని ఉంటుంది. "మీరు నోటితో ఏమన్నారో దానికి అక్కర్లేదు, వేలితో ఏం చేశారో అదే చూస్తుంది" అని పిల్లలకి చెప్పి, నా మాటకి నేనే మురిసిపోయి, బోర్డు తుడిచి వచ్చేశాను.

తరవాత కొద్దిరోజులకే కాలేజీలో స్టాఫందరికీ కొత్త హాజరు యాప్ నేర్పించే మీటింగు పెట్టారు. లెక్కలు చెప్పే లెక్చరర్‌గారు తన లాప్‌టాప్‌ని ప్రొజెక్టరుకి తగిలించి చూపిస్తున్నారు. ఆయన కూడా హైస్కూల్లో మావయ్యగారి శిష్యుడే. యాప్ పంపిన కోడ్ మెయిల్‌కి రాలేదు. "స్పామ్‌లో పడిందేమో చూడండి సార్" అన్నారు ఎవరో. ఆయన ఆలోచించకుండా ఆ పెట్టె తెరిచారు. గోడ నిండా మా మావయ్యగారే. అప్పిస్తామనే కంపెనీలకీ, ఒళ్ళు తగ్గించే మందులకీ మధ్యలో, పైనుంచి కిందిదాకా ఆయన పేరూ, "అర్జెంట్!! మీకు ఉచిత బహుమానం!!" అన్న ఆయన కేకలూ. ఒక్కటీ తెరిచింది కాదు. ఆ పేరు ఎవరిదో తెలియనివాళ్ళు కిసుక్కున నవ్వారు. తెలిసిన లెక్చరర్‌గారు మాత్రం నా వైపు చూసి, లాప్‌టాప్ మూత దబ్బున వేసేశారు.

మీటింగు అయ్యాక వరండాలో నా వెనకాలే వచ్చారు.

"మేడమ్‌గారూ, దానంతటదే పోయిందండి. నేనేం చెయ్యలేదండి."

నేను ఊరికే చూశాను. నా చూపు మంచిది కాదని మా ఇంట్లో పేరు. ఆయన నీరుగారిపోయారు.

"ఒక్కసారి నొక్కేనండి. అంతేనండి. రోజూ అంతంత పొడుగున వస్తుంటే ఎక్కడ చదువుతామండీ, మీకు తెలీందేముంది."

"వద్దనుకుంటే ఆపుకోడానికి అడుగున లింకు పెట్టేను కదండీ?"

"అది నొక్కితే మాస్టారికి తెలిసిపోద్దండి. అసలే గొంతు పోయిన మనిషి. ఆయన్ని మాట్లాడొద్దని ఎలా అంటామండీ? ఇదైతే ఆయనకి తెలీదు. ఆయన మనసు కష్టపడదు, మన పనీ అయిపోద్ది."

"మొన్న ఆదివారం ఆయన చేతులు పట్టుకుని రోజూ చదువుతున్నానని చెప్పేరు."

"ఆయ్" అన్నారాయన, నేల వైపు చూస్తూ. "మరేం చెప్పమంటారండీ?"

ఇంకొందర్ని మాటల్లో పెట్టి కదిపి చూశాను. టీచర్లూ, క్లర్కులూ, ఎల్లైసీ ఏజెంట్లూ, అందరిదీ ఇదే కథ. ఒక్కరు కూడా చెడ్డవాళ్ళు కారు. ఆపరేషన్ అప్పుడు రక్తం ఇచ్చినవాళ్ళు ఉన్నారు వాళ్ళలో. మొహం మీద వద్దనడం చేతకాక, ఆయనకి తెలియని చోట నొక్కారు. ఎవరికి వాళ్ళు తామొక్కరే నొక్కామనుకున్నారు. ఆ యంత్రం చూస్తే, ఈ అడ్రసు మొత్తం కోనసీమకే బెడదగా ఉందని తీర్మానించుకుంది. తప్పు యంత్రానిదని తిట్టుకుందామంటే వీల్లేకుండా పోయింది. అది మా వాళ్ళ వేళ్ళు చెప్పిన నిజాన్నే నేర్చుకుంది. నాకు అందరిమీదా ఒళ్ళు మండింది. ఎవర్నీ ఏమీ అనలేకపోయాను.

నాకు వచ్చిన విద్య అంతా వాడి చూశాను. మావయ్యగారికి కొత్త అడ్రసు పెట్టాను. "పాతది నిండిపోయింది" అని అబద్ధం చెప్పాను. కొత్త అడ్రసు నుంచి ఒక్కసారిగా అంతమందికి మెయిళ్ళు వెళ్ళేసరికి యంత్రానికి ముందే అనుమానం వచ్చింది. ఆ అనుమానం దాటుకుని చేరినచోట అవే వేళ్ళు మళ్ళీ నొక్కాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా వెళ్ళేలా మార్చాను. కొన్నాళ్ళకి అదీ అంతే అయింది. చివరికి "దయచేసి మాస్టారి మెయిల్ స్పామ్ కాదు అని నొక్కండి" అంటూ ఆ అడ్రసు నుంచే అందరికీ ఒక మనవి పంపాను. అది కూడా స్పామ్‌లోకే పోయింది. ఆ సంగతి లెక్కల లెక్చరర్‌గారి పెట్టెలో చూసి తెలుసుకుని స్టాఫ్ రూములో పిచ్చిదానిలా నవ్వాను. లోపల ఇరుక్కున్నవాడు తలుపు తియ్యమని అరిస్తే, ఆ అరుపు కూడా ఆ గదిలోనే ఉండిపోయినట్టుంది.

మనిషి మనిషి దగ్గరికీ వెళ్ళి, మీ వేలితో నొక్కి తీయండి అని బతిమాలవచ్చు. వెళితే వాళ్ళందరూ "ఆయ్, ఇప్పుడే నొక్కుతామండి" అంటారు. నా ఎదురుగానే నొక్కుతారు కూడా. తరవాత చదువుతారా? మెయిల్‌ని మామూలు పెట్టెలోకి తేవడం నా చేతిలో పని. దాన్ని చదివించడం నా చేతిలో లేదు.

ఒకరోజు కాలేజీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే మావయ్యగారు ఫోను పట్టుకుని పెరటి గుమ్మం దాకా వచ్చారు. "ఎవరికీ చేరడం లేదా అమ్మా?" అని ఉంది అందులో.

"చేరుతున్నాయండి" అన్నాను.

అక్షరాలా చూస్తే అది అబద్ధం కాదు. స్పామ్ పెట్టె కూడా వాళ్ళ పెట్టే. కానీ ఆయన అడిగింది అది కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. నిజం చెప్పాలంటే రెండే మాటలు ఉన్నాయి. మీవి మీ శిష్యులు చూడటం లేదని ఒకటి. వాళ్ళే చూడకుండా చేసుకున్నారని రెండోది. మొదటిది చెప్తే ఎందుకని అడుగుతారు. రెండోది చెప్తే మళ్ళీ గోడ వైపు తిరిగి పడుకుంటారు. ఈసారి తిప్పడానికి నా దగ్గర మందు లేదు. ఆ రోజు నుంచి ఆయన ఫోను పట్టుకుని నా వైపు వస్తుంటే నేను వంటింట్లోకి తప్పుకునేదాన్ని. సొంత ఇంట్లో ఆయనకి ఎదురుపడకుండా తిరగడం నేర్చుకున్నాను.

రాత్రి మా ఆయనకి సంగతంతా చెప్పాను. "నాన్నకి చెప్పకు. నేను చదువుతున్నాను కదా, జవాబు కూడా రాస్తాను. ఆయనకది చాలు" అన్నారు. అన్నట్టుగానే మర్నాటి నుంచి జవాబు రావడం మొదలైంది. "ఆమెన్ నాన్నా. చాలా ఆదరణ కలిగింది. వందనాలు." మావయ్యగారు ఆ జవాబుని నాకు చూపించినప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఊరంతా పోయినా కొడుకు మిగిలాడనుకున్నారు. నిజం చెప్పొద్దూ, నేనూ మా ఆయన్ని మెచ్చుకున్నాను. ఆ వారమంతా అడక్కుండానే ఆయనకిష్టమైన పులస కాకపోయినా, దొరికిన చేప తెచ్చి పులుసు పెట్టాను.

ఆ తరవాత ఒక శుక్రవారం పొద్దున్న మావయ్యగారు రాసింది నాకు చూపించలేదు. బస్సుకి ఆలస్యమవుతోందని నేనూ అడగలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆయన వీధి వరండాలో కూర్చుని ఉన్నారు. చర్చికి కట్టుకునే ఇస్త్రీ పంచె, తెల్ల చొక్కా, మెడ మీద ఉతికిన గుడ్డ. తల నున్నగా దువ్వుకున్నారు. పక్కన బయటి బల్లలు రెండు తుడిచి వేసి ఉన్నాయి. చూపు గేటు మీద ఉంది. "ఎవరైనా వస్తున్నారాండీ?" అన్నాను. ఫోను నా చేతిలో పెట్టారు.

ఆ ఉదయపు మెయిల్. శీర్షిక, సూర్యోదయం, ఎర్ర అక్షరాలు, అన్నీ మామూలే. ఆఖరికి ప్రార్థన మనవుల్లో, ఎవరికో షుగరూ ఎవరికో ఇంటర్వ్యూ తరవాత, ఇలా ఉంది: "ఈ తెల్లవారుజామున నేను ప్రభువునందు నిద్రించాను. భూస్థాపన సాయంత్రం నాలుగు గంటలకు. అందరూ రావలెను." దానికి ఆశ్చర్యార్థకం పెట్టలేదు.

బళ్ళో చెప్పేటప్పుడు ఆయనకొక అలవాటు ఉండేదని పాత శిష్యులు ఇప్పటికీ చెప్పుకుంటారు. పాఠం మధ్యలో కావాలని ఒక తప్పు చెప్పేవారట. అశోకుడు గోదావరి మీద ఆనకట్ట కట్టించాడు అన్నట్టుగా. ఎవరు తలెత్తుతారో చూసేవారట. తలెత్తినవాడు వింటున్నవాడు. ఇప్పుడు అదే చేశారు. మొత్తం అందరికీ పంపారు. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒక్క ఫోను మోగలేదు. ఒక్కరు గేటు తీసుకుని రాలేదు.

ఒక్క జవాబు మాత్రం వచ్చింది. నా బొటనవేలు దాని మీదకి వెళ్ళింది.

"ఆమెన్ నాన్నా. చాలా ఆదరణ కలిగింది. వందనాలు."

నాకు నవ్వొచ్చింది. తన్నుకొచ్చింది, ఆపలేకపోయాను. మరుక్షణం ఏడుపొచ్చింది. మావయ్యగారు ఫోను తీసుకుని నిదానంగా టైపు చేసి చూపించారు. "నేను పంపు నొక్కగానే వచ్చింది. అప్పుడు వాడు స్నానం చేస్తున్నాడు. ఫోను హాల్లో చార్జింగ్‌లో ఉంది."

నాకు అర్థమైపోయింది. నాన్న దగ్గర నుంచి మెయిల్ వస్తే ఈ జవాబు దానంతటదే వెళ్ళేలా అమర్చుకున్నారు మా ఆయన. అలా అమర్చుకోవచ్చని ఒకప్పుడు బ్యాంకు మెయిళ్ళ కోసం ఆయనకి నేర్పింది నేనే. ఆ క్షణాన మా ఆయన ఎదురుగా ఉంటే ఏమనేదాన్నో నాకే తెలీదు. ఆపరేషన్‌కి ముందురోజు మావయ్యగారు ఒక వాక్యం చదువుతుంటే మా ఆయన ఫోన్లో రికార్డు చేసుకున్నారు. దాన్ని ఇప్పటిదాకా ఒక్కసారి వినలేదు. వినమంటే లేచి బయటికి వెళ్ళిపోతారు. బహుశా ఆ రాతలో కూడా ఆయనకి ఆ గొంతే వినిపిస్తుందేమో, రోజూ పొద్దున్నే దాన్ని తట్టుకోలేరేమో. అలా అనుకుని సర్దిచెప్పుకుందామని చూశాను. నా కోపం తగ్గలేదు.

"మిగతావాళ్ళు?" అని టైపు చేశారు. ఇక దాచి లాభం లేదు. వరండాలో తుడిచిపెట్టిన బల్ల మీద కూర్చుని మొత్తం చెప్పాను. వడపోత ఎలా పనిచేస్తుందో, బటన్ నొక్కితే ఏమవుతుందో, అందరూ ఎందుకు నొక్కారో. క్లాసులో ఎంత బాగా చెప్తానో అంత దరిద్రంగా చెప్పాను. ఆయన మధ్యలో ఆపలేదు, ఆపడానికి గొంతు లేదు. అంతా విని ఒకే ఒక్కటి అడిగారు.

"నొక్కినవాళ్ళెవరో పేర్లు తెలుస్తాయా?"

"తెలియవండి. కంపెనీ చెప్పదు."

"మంచిది. తెలిస్తే ఆదివారం వాళ్ళ మొహం ఎలా చూస్తాను?" అని రాశారు. కాసేపాగి మళ్ళీ రాశారు. "వాడితో అనకమ్మా. చిన్నబోతాడు."

అంటే ఇదివరకు ఆయన దగ్గర దాచిన దాన్ని ఇప్పుడు మా ఆయన దగ్గర దాచాలి. నేను దాచే మనిషి మారాడంతే. అననని మాటిచ్చాను. బల్లలు లోపల పెట్టేశాం. మా ఆయన ఇంటికొచ్చి, నాన్న ఇస్త్రీ బట్టల్లో ఉండటం చూసి "ఏంటి విశేషం?" అన్నారు. మావయ్యగారు ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపారు.

మర్నాటి నుంచి ఆయన మెయిల్ రాయలేదు. గోడ వైపు తిరిగి పడుకుంటారేమో అని భయపడ్డాను. అలా చెయ్యలేదు. తెల్లవారకముందే లేస్తారు, దీపం వేసుకుంటారు, ఫోను ముందు పెట్టుకుని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. కాసేపటికి దీపం ఆర్పేస్తారు. గోడ వైపు తిరిగి పడుకున్నా ఇంతకంటే నయంగా ఉండేదనిపించింది నాకు. ఫలహారం దగ్గర "చదివావా?" అని అడగడం కూడా మానేశారు.

ఆ పై వారం ఆదివారం చర్చి అయ్యాక ఎప్పటిలాగే అందరూ ఆయన చుట్టూ చేరారు. నేను పక్కనే ఉన్నాను. "మీ వాగ్దానం చదవందే మాకు తెల్లారదండీ మాస్టారూ" అన్నారు ఒకాయన. "ఈ వారం మరీ బాగా రాసేరండి" అన్నారు లెక్కల లెక్చరర్‌గారు, నా వైపు చూడకుండా. ఈ వారం ఆయన ఒక్క అక్షరం రాయలేదని అరవాలనిపించింది. మావయ్యగారు అందరికీ చేతులు జోడించారు. ఒక్కొక్కరి మొహం వైపూ చూసి తల ఊపారు. వాళ్ళు మర్యాదగా అబద్ధం చెప్పారు, ఆయన మర్యాదగా నమ్మారు. గొంతున్న నేను మధ్యలో నిలబడి పళ్ళు కనబడేలా నవ్వాను.

ఇంటికొచ్చి భోజనాలకి కూర్చున్నాం. నాన్న ఇన్నాళ్ళుగా ఏమీ అడగకపోవడం మా ఆయనకి ఎక్కడో గుచ్చుకుంటోందనుకుంటా. అన్నం కలుపుతూ కలుపుతూ, తల ఎత్తకుండా అన్నారు.

"ఇవాళ్టిది చదివేను నాన్నా. చాలా బాగుంది."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. మావయ్యగారు కొడుకు వైపు చూశారు. అశోకుడు ఆనకట్ట కట్టించాడని చెప్పి, క్లాసంతా తలవంచుకుని రాసుకుంటుంటే చూసే చూపు అలాగే ఉండేదేమో. ఏదో టైపు చేయడం మొదలుపెట్టారు. నిజం రాసేస్తారనుకున్నాను. రాయాలనే కోరుకున్నాను. ఫోను కొడుకు వైపు పెట్టలేదు, నా వైపు తిప్పారు.

"వాడికి ఇంకాస్త చారు పొయ్యమ్మా."

పోశాను.